ముద్ర లేని పిస్తోలు

పాత తుపాకులు సేకరించేవాళ్లలో ఒక మాట బాగా చలామణిలో ఉంది: తుపాకీని చూసి డబ్బివ్వు, దాని కథ విని ఇవ్వకు. డాలస్‌లో మా పక్కింటి పెద్దాయన ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటి పిస్తోళ్లు నలభై ఏళ్లుగా సేకరిస్తున్నారు. వాటిలో మొదటిది మాత్రం ఆయన కొన్నది కాదు, ఆయన తండ్రి 1945లో యూరప్ నుంచి ఇంటికొస్తూ తెచ్చుకున్నది. ఈ వ్యాసం ఆ పిస్తోలు గురించే. ఆ మాటలో సగం తప్పుందని నేనెందుకు అనుకుంటున్నానో చెప్పడానికి కూడా.

ముందే చెప్పేస్తాను, నాకు తుపాకీ లేదు, కొనాలన్న కోరికా లేదు. నా ఆసక్తి వేరే దారిలో వచ్చింది. మా నాన్న హైదరాబాదులో, బాలానగర్‌లో ముప్పై రెండేళ్లు లేతు మీద టర్నర్‌గా పనిచేశారు. ఇనుప ముక్క ఏదైనా చేతికిస్తే దాన్ని వెలుతురుకి అడ్డంగా తిప్పి, ఇది ఏ మిషన్ మీద తయారైంది, టూల్ ఎక్కడ మొద్దుబారింది, చేసినవాడు తొందరలో చేశాడా తీరికగా చేశాడా చెప్పేసేవారు. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే అందరూ గడియారం దగ్గర గుమిగూడితే ఆయన ఆయుధాల గదిలో కత్తుల పిడుల ముందు గంట నిలబడ్డారు. ఏ వస్తువునైనా ముందు దాన్ని చేసిన చేతి వైపు నుంచి చూడటం నాకు ఆయన దగ్గరే అలవాటైంది.

పెద్దాయన పెట్టె తెరిచి, తూటాలు పెట్టే మ్యాగజైన్ బయటికి తీసి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, నాకూ చూపించి, అప్పుడు చేతికిచ్చారు. బరువు కిలోకు కాస్త అటూ ఇటూ. పెట్టెలోనే ఒక మడత కాగితం ఉంది, ఈ పిస్తోలు యుద్ధంలో పట్టుబడ్డ వస్తువు, దీన్ని ఇంటికి తీసుకెళ్లడానికి ఈ సైనికుడికి అనుమతి ఉంది అని అమెరికా సైన్యం అధికారి సంతకం చేసి ఇచ్చింది. ఆ కాగితం ఉంటే వస్తువు విలువ బాగా పెరుగుతుందట. "ఇది రేడమ్," అన్నారు ఆయన. ఆ పేరు వింటే నాకు ఏదో కంపెనీ మోడల్ పేరులా అనిపించింది. అది ఊరి పేరని తరవాత ఇంటికెళ్లి చదివితే తెలిసింది. రాడోమ్. పోలండ్‌లో, వార్సాకి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

పిస్తోలు అసలు పేరు విస్. దాన్ని రూపొందించిన ఇంజనీర్లు ప్యోతర్ విల్న్యేవ్‌చిట్స్, యాన్ స్క్షిపిన్‌స్కి. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు కాస్తా సైన్యం చేతికొచ్చేసరికి విస్‌గా మారింది, లాటిన్‌లో ఆ మాటకు బలం అని అర్థం. 123 ఏళ్లు మూడు సామ్రాజ్యాల మధ్య ముక్కలై, 1918లో మళ్లీ దేశంగా నిలబడ్డ పోలండ్‌కి అప్పట్లో సొంత తుపాకీ అంటే ఉన్న పట్టుదల మనకు అర్థం కానిదేం కాదు. పొరుగున ఉన్న చెకోస్లొవేకియా పిస్తోలును లైసెన్సు మీద చేసుకుందామన్న ఆలోచన ఒక దశలో గట్టిగానే నడిచింది. ఈ ఇంజనీర్లు పట్టుబట్టి, మనమే చేద్దాం అన్నారు. 1932లో పేటెంటు వచ్చింది, నంబరు 15567. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పనితనం చూస్తే అది అమెరికాలో తుపాకులు రూపొందించిన జాన్ బ్రౌనింగ్ ఆలోచనల మీద కట్టిన పిస్తోలు. కోల్ట్ 1911కి, బెల్జియంలో తయారైన హై పవర్‌కి దాయాది అనొచ్చు. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా, మ్యాగజైన్‌లో ఎనిమిది పడతాయి. నాకు నచ్చింది మాత్రం స్లైడ్ మీద, అంటే పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం మీద, ఎడమ పక్కనున్న చిన్న మీట. పోలండ్ అప్పటికింకా అశ్వదళాన్ని నమ్ముకున్న దేశం. రౌతుకి ఒక చేతిలో కళ్లెం ఉంటుంది, ఇంకో చేతిలో పిస్తోలు, వెనక్కి లాగి ఉన్న హ్యామర్‌ను, అంటే పడి తూటాను పేల్పించే సుత్తిని, జాగ్రత్తగా దించాలంటే మూడో చెయ్యి కావాలి. అందుకని ఆ మీట పెట్టారు: బొటనవేలితో నొక్కితే తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ లోపలికి తప్పుకుంటుంది, హ్యామర్ పడుతుంది, తూటా పేలదు. తిరిగి కాల్చాలంటే అదే బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగితే చాలు. గుర్రం మీద కూర్చున్న మనిషి ఇబ్బందిని డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎంత వివరంగా ఊహించుకున్నాడో చూడండి. వెనకవైపు ఇంకో మీట ఉంటుంది, చూస్తే సేఫ్టీ అనుకుంటాం, కానీ అది పిస్తోలు విప్పేటప్పుడు స్లైడ్‌ను ఆపి ఉంచడానికి. శుభ్రం చేసే సిపాయి వేళ్లు నలగకూడదని.

యుద్ధానికి ముందు రాడోమ్ ఫ్యాక్టరీలో తయారైన విస్‌ల ఫినిషింగ్ ఫొటోల్లో చూసినా తెలిసిపోతుంది. స్లైడ్ మీద కిరీటం పెట్టుకున్న పోలండ్ గద్ద, పక్కన తయారైన సంవత్సరం, 1936 నుంచి 1939 దాకా. సైన్యం 90,000 అడిగితే యుద్ధం మొదలయ్యేలోపు దాదాపు 49,400 అందాయి. ఆ ఫ్యాక్టరీ రైఫిళ్లూ చేసేది, వూచ్నిక్ అన్న పేరుతో సైకిళ్లూ చేసేది. ఊరి జీవితమంతా ఆ గేటు చుట్టూ తిరిగేది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడింది. 8వ తేదీకల్లా రాడోమ్ వాళ్ల చేతిలో ఉంది. ఫ్యాక్టరీని ఆస్ట్రియా కంపెనీ స్టైర్ డైమ్లర్ పుఖ్‌కి అప్పగించారు, అవే మిషన్ల మీద, అదే పనివాళ్లతో, అదే పిస్తోలు ఇప్పుడు జర్మన్ సైన్యం కోసం తయారవడం మొదలైంది. యుద్ధం ముగిసేలోపు జర్మన్ల కోసం 3 లక్షలకు పైగా విస్‌లు చేయించారు. అంటే పోలండ్ తన సైన్యం కోసం చేసుకున్నదానికి ఆరు రెట్లకు పైనే.

పెద్దాయన పెట్టెలో ఉన్నది ఈ రకమే. దాని పక్క మీద రాసి ఉన్నది అక్షరం అక్షరం చదివించుకున్నాను. రాడోమ్ ఆయుధ కర్మాగారం అన్న పోలిష్ పొడి అక్షరాలు అలాగే ఉన్నాయి. గద్ద లేదు. సంవత్సరం లేదు. నమూనా అన్న పోలిష్ మాటకు పొడి అక్షరాలు తీసేసి ఆ చోట మోడల్ అన్న మాటకు పొడి అక్షరాలు పెట్టారు. కింద జర్మన్ సైన్యం పెట్టిన కొత్త పేరు, పోలిష్ సరుకు అని తెలిసేలా చివర ఒక అక్షరం. అంతా మార్చినవాళ్లు పేటెంటు నంబరు మాత్రం వదిలేశారు. 15567. దేశం లేదని ప్రకటించి, ఆ దేశం ఇచ్చిన పేటెంటు నంబరును మూడు లక్షల సార్లు ఇనుము మీద కొట్టించారు. నేను ఆ నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

దాని పక్కనే చిన్న ముద్ర, గద్ద బొమ్మ కింద 77. ఫ్యాక్టరీలో కూర్చున్న జర్మన్ సైన్యం ఇన్‌స్పెక్టరు పాస్ చేసిన గుర్తు. సేకర్తలకు ప్రాణం ఆ ముద్ర. అది స్పష్టంగా పడిందా, ఎన్ని భాగాల మీద పడింది, ఏ చోట పడింది అనేదాన్ని బట్టి ధర కదులుతుంది. భాగాల నంబర్లన్నీ ఒకటే అయితే ఇంకా మంచిది, పూత అసలుదైతే ఇంకా మంచిది. యుద్ధానికి ముందటి పోలండ్ గద్ద ఉన్నదైతే జర్మన్ కాలం దానికి రెండు మూడు రెట్లు పలుకుతుంది, అందులో అన్యాయమేమీ లేదు, అవి తక్కువ, పనితనం గొప్పది. నా పేచీ వీటి మధ్య ధర తేడాతో కాదు. ముద్ర అనేది ఆ రోజుల్లో ఏం పని చేసిందో చెప్పకుండా దాన్ని నాణ్యతకు గుర్తుగా మాత్రమే చూడటంతో.

జర్మన్ కాలం విస్‌లను సేకర్తలు మూడు రకాలుగా విడదీస్తారు. మొదట్లో చేసినవి పోలండ్ నాటి వాటికి దగ్గరగా ఉంటాయి. తరవాత వాటిలో పిడి వెనక, భుజానికి ఆన్చి కాల్చేందుకు కర్ర తగిలించే గాడి పోయింది. ఇంకా తరవాత ఆ విప్పే మీట కూడా పోయింది, నిగనిగలాడే పూత పోయి గరుకు పూత వచ్చింది, పిడికి చెక్క ముక్కలు బిగించారు, స్లైడ్ మీద మిల్లింగ్ గీతలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చాలామంది అమ్మకందార్లు ఈ గరుకుతనానికి ఒక కథ అతికిస్తారు: పోలిష్ పనివాళ్లు కావాలని పాడుచేశారు, అందుకే ఇలా ఉంది అని. వినడానికి బాగుంటుంది. నేనూ మొదట నమ్మాను.

ఫొటోలు నాన్నకి పంపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫొటో పెద్దది చేసి చూసి, వీడియో కాల్‌లో అన్నమాట ఇది: "ఇది చేతకానివాడి పని కాదురా, కావాలని చెడగొట్టిన పనీ కాదు. టైమ్ ఇవ్వని పని. చూడు, కొలత కావాల్సిన చోట కట్ నీట్‌గానే ఉంది. పైన ఫినిషింగ్ కట్ వెయ్యనివ్వలేదు, అంతే." ఆయన చెప్పింది నిజమని వేరే వాటితో పోల్చి చూస్తే తెలుస్తుంది. 1944లో జర్మనీలోనే జర్మన్ కంపెనీలు చేసిన వాల్తర్ పి38 పిస్తోళ్ల మీద, మౌజర్ రైఫిళ్ల మీద కూడా అవే గీతలు. గంటకు ఎక్కువ ముక్కలు కావాలన్న పై ఒత్తిడి లోహం మీద అలా కనిపిస్తుంది. కాబట్టి పాడుచేశారన్న కథను ఆ గీతల మీద మోపకండి. ఆ పనివాళ్లు అంతకంటే కష్టమైన పని చేశారు, దానికి ఋజువు ఈ పెట్టెల్లో దొరకదు.

వాళ్లు భాగాలను బయటికి మోసుకెళ్లారు.

ఈ వాక్యం రాయడం తేలిక. ఫ్యాక్టరీ గేటు తెలిసినవాడికి అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. నాన్న పనిచేసిన చోట సాయంత్రం షిఫ్టు వదిలాక గేటు దగ్గర లైను, ఒక్కొక్కరి టిఫిన్ డబ్బా తెరిపించి చూసేవారు, ఒక డ్రిల్ బిట్ దొరికితే మరుసటి రోజు నుంచి పని లేదు. అది ప్రశాంతంగా ఉన్న రోజుల్లో, మన ఊళ్లో. రాడోమ్ గేటు దగ్గర ఉన్నది తుపాకులు పట్టుకున్న కాపలా, దొరికితే పోయేది ఉద్యోగం కాదు. పిస్తోలు స్లైడ్ అంటే జేబులో కనిపించకుండా కూర్చునే వస్తువు కాదు, అది దట్టమైన ఉక్కు ముక్క, నడుస్తుంటే దుస్తుల్లో దాని బరువు తెలుస్తుంది. ఫ్రేము, అంటే పిడితో కలిసిన కింది భాగం, ఇంకా ఇబ్బంది. స్ప్రింగులు, మీటలు, హ్యామర్లు చిన్నవి. ఒక్కొక్కటిగా, రోజు తరవాత రోజు, అలా బయటికొచ్చిన భాగాలు జర్మన్ల మీద దొంగచాటుగా పోరాడుతున్న పోలండ్ రహస్య సైన్యం చేతికి చేరి పిస్తోళ్లయ్యాయి.

1942లో ఈ సంగతి బయటపడింది. అక్టోబరు నడిమి రోజుల్లో జర్మన్లు రాడోమ్‌లోనూ చుట్టుపక్కలా బహిరంగంగా ఉరికంబాలు వేశారు. వాటిలో ఒకటి ఫ్యాక్టరీ ఎదురుగా. ఆ కొద్ది రోజుల్లో ఉరితీసినవాళ్లు 50 మంది దాకా ఉంటారు. అందులో ఫ్యాక్టరీ పనివాళ్లున్నారు, వాళ్ల ఇళ్లవాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు. తోటి పనివాళ్ల కళ్ల ముందే ఇదంతా చేశారు. ఆ తరవాత వాళ్లు లోపలికెళ్లి మిషన్ ఆన్ చెయ్యాలి.

అదే ఊళ్లో, అదే ఏడాది ఇంకో ఘోరం జరిగింది, సేకర్తల పుస్తకాల్లో దాని ప్రస్తావన ఎక్కడో గానీ కనపడదు. 1942 ఆగస్టులో రాడోమ్ యూదుల వాడలను ఖాళీ చేయించి, వేల మందిని రైలు పెట్టెల్లో కుక్కి ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి పంపి చంపేశారు. మిగుల్చుకున్న కొందరిని ష్కోల్నా వీధిలోని శిబిరంలో పెట్టి ఈ ఆయుధ ఫ్యాక్టరీలోనే వెట్టిపని చేయించారు. అంటే 77 ముద్ర పడిన కొన్ని భాగాల మీద పడిన చేతులు అవి కూడా. మా పెద్దాయన పిస్తోలులో ఏ భాగం ఎవరు చేశారో చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ ప్రశ్న అడక్కుండా దాన్ని మంచి కండిషన్‌లో ఉన్న రెండో రకం అని రాసి ఊరుకోవడం నాకు మింగుడు పడదు.

భాగాలు బయటికి పోతున్నాయని తెలిశాక జర్మన్లు తెలివైన పనే చేశారు. తూటా బయటికొచ్చే గొట్టాల తయారీని, పిస్తోలు మొత్తాన్ని బిగించే పనిని ఆస్ట్రియాలోని స్టైర్‌కు మార్చేశారు. మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం ఖైదీలతో పనిచేయించుకున్న కంపెనీ అది. ఇక రాడోమ్‌లో ఎంత దొంగిలించినా గొట్టం లేని పిస్తోలే చేతికొస్తుంది. గొట్టం ఎందుకంటే అన్నిటికంటే కష్టమైన భాగం అదే. గట్టి ఉక్కులో వంకర లేని పొడవాటి రంధ్రం తొలవాలి, తొలిచాక లోపల మెలి తిరిగే గాడులు కొయ్యాలి, దాని వెనక భాగం తూటాకి, కింది భాగం ఫ్రేముకి కచ్చితంగా కుదరాలి. కొలతలో వెంట్రుక తేడా వస్తే కాల్చేవాడి చేతిలోనే పేలొచ్చు. నాన్నని అడిగితే, గాడులు కొయ్యడానికి టూల్ ముందు మనమే చేసుకోవాలి, అది వారం పని అన్నారు.

అయినా చేశారు. వార్సాలో, కీల్త్సేలో రహస్యంగా గొట్టాలు చేశారు. రాడోమ్ నుంచి వచ్చిన భాగాలకు ఆ గొట్టాలు బిగించి కొన్ని వందల విస్‌లు తయారుచేశారు. 1944 ఆగస్టు 1న వార్సా తిరగబడ్డప్పుడు, 63 రోజులు పోరాడి ఊరంతా శిథిలమయ్యేదాకా, విస్ ఆ తిరుగుబాటుదార్ల చేతుల్లో ఉంది.

రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద వార్సా వెళ్లినప్పుడు ఒక ఆదివారం తిరుగుబాటు మ్యూజియంలో గడిపాను. 2004లో తెరిచారు దాన్ని. చాలా గదులు చీకటిగా ఉంటాయి, జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. చేతికి కట్టుకున్న ఎరుపు తెలుపు పట్టీలు, ఇంట్లో చేసిన గ్రెనేడ్లు, రహస్య వర్క్‌షాపుల్లో చేసిన బ్లిస్కవిత్సా సబ్‌మెషిన్ గన్. ఆ వస్తువుల్లో అందమైనవి తక్కువ. పూత లేదు, నునుపు లేదు, వెల్డింగ్ కుచ్చులు కుచ్చులుగా ఉంది. అక్కడ నిలబడ్డప్పుడే నాకు ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది తట్టింది.

ఆలోచించండి. చోరీ భాగాలతో, దొంగచాటు గొట్టంతో తయారైన ఒక విస్ ఇవాళ డాలస్ గన్ షోలో బల్ల మీదికొచ్చిందనుకుందాం. నంబర్లు కలవవు. గొట్టం మీద ముద్ర లేదు. పూత ఒక భాగానికి ఒకలా, ఇంకో భాగానికి ఇంకోలా. సేకర్తల లెక్క ప్రకారం అది అతుకుల బొంత, ఎవరో విడిభాగాలు కలిపి చేసింది, బేరమాడి పక్కన పెట్టేస్తారు. దాని పక్కనే అన్ని నంబర్లూ కలిసి, అన్ని ముద్రలూ పడి, జర్మన్ తోలు సంచితో సహా ఉన్నది ఇంకోటి ఉంటుంది, దానికి జనం మూగుతారు. అంటే ఆక్రమించినవాడు పాస్ చేసిందే మనం పాస్ చేస్తున్నాం. అతని ఇన్‌స్పెక్టరు సుత్తి ఎక్కడ పడిందో అక్కడే మన డబ్బూ పడుతోంది. ముద్ర, నంబరు ఆ ఫ్యాక్టరీలో ఏ పని చేశాయి? లెక్క పెట్టాయి. ఎన్ని ముక్కలు పాసయ్యాయి, ఎన్ని బయటికెళ్లాయి, ఎక్కడ తేడా వచ్చింది. ఆ లెక్కలోంచి తప్పించడానికే కదా మనుషులు ఉరికంబం దాకా వెళ్లారు.

ఇక్కడ పెద్దాయన వాదన చెప్పాలి, ఎందుకంటే అది బలమైన వాదన. ముద్ర లేకపోతే ఋజువేది అంటారు ఆయన. నంబర్లు కలవని ప్రతి తుపాకీ రహస్య సైన్యానిదే అని చెప్పడం మొదలుపెడితే రేపు ప్రతి బల్ల మీదా అలాంటివే ఉంటాయి. పోలండ్ గద్దను కొత్తగా చెక్కి పాత పిస్తోలును యుద్ధానికి ముందటిదని అమ్మినవాళ్లను ఆయన చూశారు. ఫలానా జనరల్‌ది అని చెప్పి అమ్మిన లూగర్‌లు, అంటే పాత జర్మన్ పిస్తోళ్లు, లెక్కలేనన్ని. కథకు డబ్బిస్తే అబద్ధాలు పుట్టుకొస్తాయి. అందుకే ఆ సామెత.

ఒప్పుకుంటాను. ఋజువు లేని కథకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. కానీ నేను అడుగుతున్నది ఒక్కో పిస్తోలు కథ కాదు. ఈ ముక్క ఎవరి చేతిలో ఉందన్నది తెలియకపోవచ్చు. ఈ ముక్క ఏ ఊళ్లో, ఏ ఏడాదిలో, ఎవరి కింద, ఎలాంటి మనుషుల చేత తయారైందన్నది తెలుసు. దానికి ఎవరి నోటి మాటా అక్కర్లేదు, స్లైడ్ మీదే ఊరి పేరుంది. అమ్మకం ప్రకటనలో మీట ఎన్నో రకమో, పూత ఎంత శాతం మిగిలిందో ఇరవై లైన్లు రాసేవాళ్లు 1942 అక్టోబరు అని ఒక్క లైను ఎందుకు రాయరు? అది కట్టుకథ కాదు, చరిత్ర. చరిత్ర లేకపోతే ఆ వస్తువు పాత ఇనుమే కదా, సేకరించడం దేనికి?

అరుదైనది కాబట్టి విలువ అనేవాళ్లూ ఉన్నారు. దానికి సింగర్ ఉదాహరణ చెబుతారు. అవును, మన ఇళ్లల్లో అమ్మమ్మల కుట్టుమిషన్ సింగరే. ఆ కంపెనీ 1941లో అమెరికా సైన్యం కోసం ప్రయోగంగా 1911ఏ1 పిస్తోళ్లు, ఆ కోల్ట్ 1911 తరవాతి రూపం, సరిగ్గా 500 చేసింది. ఇవాళ మంచి స్థితిలో ఉన్న ఒక్కొక్కటి వేలంలో లక్ష డాలర్లు దాటొచ్చు. చక్కటి పనితనం, ఎవరూ కాదనరు. లిబరేటర్ కథ ఇంకోలా ఉంటుంది: 1942 వేసవిలో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీ, ఇండియానాలోని ఆండర్సన్‌లో, రేకులు వంచి సుమారు 10 లక్షల పిస్తోళ్లు కొద్ది వారాల్లో చేసేసింది. ఒక్కొక్కటి రెండు డాలర్ల చిల్లర. ఆక్రమణలో ఉన్న దేశాల్లో జనానికి ఆకాశం నుంచి పడేద్దాం అనుకున్నారు. యూరప్‌లో నిజంగా జనం చేతికి చేరినవి చాలా తక్కువ, ఎక్కువ భాగం యుద్ధం తరవాత నాశనం చేశారు. ఇప్పుడు మిగిలినవి వేల డాలర్లు. పది లక్షల పిస్తోళ్లు సముద్రం ఇవతల పెట్టెల్లో పడి ఉన్న రోజుల్లోనే రాడోమ్‌లో ఒక మనిషి కోటు లోపల ఒక్క స్లైడ్ పెట్టుకుని గేటు దాటుతున్నాడు. ఈ రెండూ ఒకే ఏడాది సంగతులు. నేను సేకర్తనైతే ఈ రెండింటినీ పక్కపక్కన పెడతాను.

విస్ దాయాది హై పవర్‌దీ ఇలాంటి కథే, దాని కొస మన దేశం దాకా వచ్చింది. 1940లో బెల్జియంలోని హెర్‌స్టాల్ ఫ్యాక్టరీ జర్మన్ల చేతిలో పడింది, అక్కడా ఆక్రమణ కింద 3 లక్షలకు పైగా పిస్తోళ్లు చేయించుకున్నారు. తప్పించుకున్న బెల్జియం ఇంజనీర్ల సాయంతో టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ అదే పిస్తోలు మిత్రదేశాల కోసం చేసింది. ఆ ఇంగ్లిస్ నమూనా నుంచి వచ్చిందే బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు, మన సైన్యం నడుముకు కట్టుకునేది. మన ఊరి సిపాయి ఎవరైనా ఉంటే అడగండి, చెబుతారు.

రాడోమ్ సంగతి ముగించాలి. 1945 జనవరిలో సోవియట్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. విస్ మళ్లీ తయారవలేదు, రాడోమ్‌లో సోవియట్ నమూనా టిటి పిస్తోలు చేయించారు. విల్న్యేవ్‌చిట్స్ పని మానలేదు, తరవాత పోలండ్ సైన్యం వాడిన రాక్ సబ్‌మెషిన్ గన్ ఆయన మొదలుపెట్టిందే, 1960లో అది పూర్తికాకముందే పోయారు. ఫ్యాక్టరీ కుట్టుమిషన్లు చేసింది, పాత సైకిళ్ల పేరే వాటికీ పెట్టారు, వూచ్నిక్. దశాబ్దాల తరవాత పోలండ్ సైన్యానికి కొత్త పిస్తోలు చేసినప్పుడు దానికి విస్ 100 అని పేరు పెట్టుకున్నారు, అదే ఊళ్లో.

పోయిన నెల పెద్దాయన పిలిచారు. పిల్లలకు తుపాకుల మీద ఆసక్తి లేదు, తన తరవాత పెట్టె ఎక్కడికి పోతుందోనని ఆయనకు టెన్షన్‌గా ఉంది. అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, మడత కాగితంతో పాటు ఇంకో కాగితం అందులో ఉండాలని నేను అడిగాను. ఒక పేజీ, ఇంగ్లీషులో, నేనే రాశాను: ఊరు, ఫ్యాక్టరీ, ష్కోల్నా వీధి, అక్టోబరు 1942, స్టైర్, వార్సాలో చేసిన గొట్టాలు. ఈ పిస్తోలు ఫలానావారిది అని ఒక్క మాట కూడా లేదు అందులో. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. రెండోసారీ చదివారు. పెన్ను తీసి, పేజీ పైన ఊరి పేరు దగ్గర వేలు పెట్టి, దీన్ని సరిగ్గా ఎలా పలకాలి అని అడిగారు.

చెప్పాను. ఆయన మెల్లగా రెండుసార్లు అన్నారు, రాడోమ్, రాడోమ్. పెట్టె మూత లోపలి పక్క ఎప్పుడో వాళ్ల నాన్న అంటించిన చీటీ ఒకటి ఉంది, దాని మీద తేదీ మాత్రమే ఉంది. ఆ తేదీ కింద పలికే తీరు పెద్ద అక్షరాలతో రాసి, కాగితం మడిచి లోపల పెట్టారు.